ఎడమవైపు మిగిలిపోయిన పేరు

సంచి సర్దడంలో గౌరీశ్వరిది ఒక పద్ధతి. బరువైనవి అడుగున, బట్టలు పైన, కొబ్బరినూనె సీసా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒక వారన, ఎండురొయ్యల పొడి డబ్బా మరో వారన. జిప్పు మూశాక, వలలు అల్లే నీలం నైలాను దారం ముక్క తెచ్చి దాని కొసకి మూడు చుట్ల ముడి వేసేది. రైల్లో అందరి సంచులూ ఒకేలా ఉంటాయి. ఆ ముడి చూసి తన సంచి తను పోల్చుకుంటాడు మొగుడు. పెళ్లయిన నాటినుంచి ఏటా ఆగస్టులో, గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లే భర్త కోసమే ఆమె సర్దేది. తన కోసం తను సర్దుకోవడం ఈ కార్తీకంలోనే మొదలు.

గుమ్మంలో కూర్చున్న అత్త ఎర్రమ్మకి సంచులంటేనే గిట్టదు. ఇంట్లో నిండిన సంచి కనపడిందంటే ఇంట్లోంచి ఒక మనిషి తరుగుతుందని ఆమె లెక్క. ఆమె భర్త తెప్ప మీద వెళ్లి రాలేదు. అతనికైతే సంచి కూడా లేదు, సద్దిగిన్నె ఒక్కటే.

"ఒలే గౌరీ, రొయ్యపొడి ఆసుపత్రిలోకి రానిస్తారేటే?"

"రానివ్వకపోతే డాక్టరమ్మకే పెట్టేత్తాను అత్తా. ఒక ముద్ద తిందంటే ఆవిడే గేటు తీస్తాది."

"నవ్వులాటగా ఉన్నాది నీకు. తలకాయ తెరుస్తారంట."

"తెరిసి మళ్లీ మూస్తారు కదేటి. తెరిసొదిలేస్తే ఈగలు దూరీవా?"

గౌరి అలాంటి మనిషి. తొమ్మిదేళ్ల వయసునుంచి మూర్ఛ ఆమెను ఎక్కడపడితే అక్కడ పడగొడుతూనే ఉంది. ఎడమచేతి మీద పొయ్యి కాల్చిన మచ్చ, గడ్డం కింద రాయి కోసిన గీత. పిల్లలు నిలవలేదు. మొన్న ఆషాఢంలో తమ ఊరు ఇసకలపేట ఒడ్డున చేపలు ఎండబెడుతూ మోకాలి లోతు నీళ్లలో బోర్లా పడిపోతే, ఎవరో చూసి లాగారు కాబట్టి బతికింది. మందులు ఇక పనిచేయవని పలాసలో డాక్టరు తేల్చేశాడు. విశాఖలో మెదడు ఆసుపత్రి ఒకటి కొత్తగా ఒక వైద్యం చేస్తోందని అక్కడికి రాసిచ్చాడు. భర్త అప్పటికే గుజరాత్‌లో వెరావల్ రేవుకి వెళ్లిపోయాడు. ఫోనులో "నాను వొచ్చీనా?" అన్నాడు. "నువ్వొస్తే అక్కడ వేటలో నీ పాలు ఎవుడికిస్తారు, అత్త ఉన్నాది కదా" అని గౌరే ఆపేసింది.

అలా అత్తాకోడళ్లు ఇద్దరూ బయల్దేరారు. రైలు కదిలేదాకా ఎర్రమ్మ సంచి ముడిని వేలితో తడుముతూనే ఉంది.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఎర్రమ్మకి దిక్కులు పోయాయి. అన్ని వరండాలూ ఒకేలా ఉన్నాయి. చేర్చుకునే కౌంటరు దగ్గర ఒక అమ్మాయి తెర మీంచి కళ్లు ఎత్తకుండా అడిగింది.

"పేషెంట్ పేరు?"

"గౌరీశ్వరి."

"భర్త పేరు?"

గౌరి తల వంచుకుని అత్త వైపు తిరిగింది.

"నూకరాజు" అంది ఎర్రమ్మ.

ఆ అమ్మాయి టైపు చేసుకుంది. ఎవరు చెప్పారో ఆమెకి అనవసరం. ఎర్రమ్మకీ, గౌరికీ కూడా అందులో వింతేమీ లేదు. రేషను కొట్టులో అయినా, బ్యాంకులో అయినా, ఓట్లవాళ్లు వచ్చినా, భర్త పేరు దగ్గర గౌరి తిరిగి చూసేది, పక్కనున్నవాళ్లు అందించేవాళ్లు. కొత్తకోడలిగా వచ్చిన పూటే ఎర్రమ్మ చెప్పింది. పెనిమిటి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుంది. అందులోనూ సముద్రం మీదికి వెళ్లేవాడి పేరు ఆడదాని నోట అసలు రాకూడదు. భార్య అతన్ని పేరు పెట్టి పిలిస్తే, అతన్ని తనకే ఇచ్చేస్తోందని సముద్రం అనుకుంటుంది. ఎర్రమ్మకి ఆమె అత్త అలాగే చెప్పింది. ఇసకలపేటలో ఆడవాళ్లందరికీ ఎవరో ఒకరు ఆ మాట చెప్పే ఉంటారు.

డాక్టర్ హైమావతి సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి. గౌరి తల బొమ్మను గోడ మీద వెలిగించి, ఎడమ వైపు అరచేయి ఆనించింది.

"చూడండమ్మా. ఈమెకి మూర్ఛ పుట్టే చోటూ, మాటలు కాపురముండే చోటూ ఒకటే. ఇది కోసేస్తే మూర్ఛ పోతుంది, మాటలూ పోతాయి. వదిలేస్తే ఏదో ఒక రోజు మూర్ఛే ఈమెను తీసుకుపోతుంది. ఇదివరకు ఏ మాట ఎక్కడుందో పటం గీసుకుని, వాటిని తప్పించి చుట్టూ కోసేవాళ్లం. ఈమెకి తప్పించడానికి చోటు లేదు."

"మరేటి దారి?"

"మాటల్ని ముందు ఇల్లు మారుస్తాం. ఎడమ నుంచి కుడికి. ఖాళీ అయిన ఇంటిని ఆ తర్వాత కోస్తాం."

ఎర్రమ్మకి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి భయం వేసి తల ఊపింది.

మాటల్ని అలా మార్చడానికి పుర్రె కింద ఒక పల్చటి పొర పరిచారు. దాన్ని డాక్టర్లు ఏదో పొడుగాటి పేరుతో పిలిచేవారు. గౌరి దానికి మాటలవల అని పేరు పెట్టింది. కొన్నాళ్లకి నర్సులు కూడా అదే అనసాగారు. వలకి వేలాది కళ్లు. గౌరి ఒక మాట పైకి పలికినప్పుడు ఏ కన్ను దగ్గర మెరుపు వచ్చిందో అది పట్టుకుంటుంది. ఆ మెరుపునే కుడివైపు మళ్లీ మళ్లీ మోగిస్తుంది. నాలుగైదు సార్లు పలికేసరికి ఆ మాటకి కుడివైపు కూడా ఒక గూడు ఏర్పడుతుంది. తెర మీద ఎడమ చుక్క పచ్చగా ఉండి, కుడి చుక్క కూడా పచ్చబడితే, ఆ మాట ఇల్లు మారినట్టు. నోటితో పలకాలి, తన గొంతు తన చెవిన పడాలి. మనసులో అనుకుంటే వలకి చిక్కదు.

అద్దం ఇవతల కుర్చీలో కూర్చుని ఎర్రమ్మ చూసేది. బొమ్మ తర్వాత బొమ్మ. గొడుగు. ఏనుగు. మంచం. చేట. మొదటి రోజుల్లో పటం గీసేటప్పుడు, డాక్టరు ఒక్కో చోటికి చిన్న కరెంటు తాకించి ఆ చోటుని కాసేపు నిద్రపుచ్చేది. పడవ బొమ్మ చూపించారు. గౌరి నోరు తెరిచింది. రాలేదు. మళ్లీ తెరిచింది. రాలేదు.

"అదే అండీ... మా వాళ్లు ఎక్కుతారు... ఓలమ్మ, ఏటిదీ!" అని తన తొడ తనే చరుచుకుని నవ్వింది. పుట్టిన దగ్గర్నుంచి పడవల మధ్య పెరిగిన మనిషి. కరెంటు తీసేయగానే "పడవ! పడవ కదేటి!" అని కేక పెట్టింది. అద్దం ఇవతల ఎర్రమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. మాట అంటే నోట్లో ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ. అది ఒక చోట కట్టేసి ఉంటుందని, ఎవరైనా తాడు విప్పేయగలరని ఆమెకి తెలియదు.

తర్వాత మనుషుల వంతు వచ్చింది. ఆ రోజు ఎర్రమ్మని లోపల కూర్చోబెట్టారు. డాక్టరు ఒక చోటుని నిద్రపుచ్చింది. గౌరి తల తిప్పి ఎర్రమ్మని చూసింది. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని చూసినట్టు.

"మీరెవరమ్మా? ఎవరి తాలూకా?"

ఎర్రమ్మ కోడలి ముఖం మీదికి వంగింది. "ఒలే, నానే... అత్తనే!"

"అత్తా అంటే... ఎవరికి?"

డాక్టరు చేయి తీసింది. గౌరి కళ్లు మిటకరించింది. "అత్తా, అలగున్నావేటి? నీళ్లు తాగుతావా?"

డాక్టరు ముఖంలో కూడా ఏదో తడబాటు కనపడింది. "చిన్నప్పటినుంచి మూర్ఛ తరుముతుండడం వల్ల కాబోలు, ఈమె మెదడు తనకి నచ్చినట్టు సర్దుకుంది. మనిషి ముఖం, ఆ మనిషితో గడిపినదంతా, ఈమెకి ఆ మనిషి పేరుకే వేలాడుతోంది. 'అత్త' అనే మాటకి కాదు. చిలక్కొయ్యకి బట్టలు తగిలించినట్టు. కాబట్టి గౌరిగారూ, ఈవిడ పేరు చెప్పాలి మీరు. పైకి."

గౌరి రెండు చేతులతో నోరు మూసుకుంది. "అత్త పేరా? బతికుండగానా?"

"అనీయే" అంది ఎర్రమ్మ. ఆ నిమిషం ఇంకా ఆమె ఒంట్లోంచి దిగలేదు. "నాకింకెంత ఆయుస్సున్నాదని? ఉన్నదాంట్లో నాలుగు రోజులు పోతే పోనీ. నువ్వు నన్ను మీరెవరమ్మా అంటే నాను ఇవాళే పోతాను."

"తప్పు కాయి అత్తా." కళ్లు మూసుకుని, చెంపలు వేసుకుని, "ఎర్రమ్మ" అంది గౌరి. మళ్లీ అంది. నాలుగోసారికి నవ్వు పట్టుకోలేక, "ఎర్రమ్మా, ఓ ఎర్రమ్మా, కూరేటే?" అని ఇరుగమ్మలా పిలిచింది. నర్సులు కూడా నవ్వారు. కుడివైపు చుక్క పచ్చబడింది. ఎడమ చోటుని మళ్లీ నిద్రపుచ్చి చూస్తే, గౌరి ఎర్రమ్మని గుర్తుపట్టింది.

వాళ్ల అమ్మ పేరు, చనిపోయిన తమ్ముడి పేరు, పక్కింటివాళ్లవి, రేవులో అందరివీ పలికింది. ఫోనులో భర్త ఫోటో చూపించి "ఇతనెవరు?" అంటే "మా ఇంటాయన" అనేది, సిగ్గుగా. ఆ మాట చక్కగా కుడివైపుకి వెళ్లింది. దాంతో ఆ పని అయిపోయిందనుకుని అందరూ ముందుకి సాగిపోయారు.

ఆపరేషను దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం డాక్టర్ హైమావతి ఎర్రమ్మని తన గదిలోకి పిలిచింది. గోడ మీద పటం. ఎడమవైపంతా పచ్చచుక్కలు, కుడివైపు వాటి జోళ్లు. ఎడమవైపు ఒక్క చుక్క మాత్రం ఎర్రగా, ఒంటిగా ఉంది.

"ఇది కదలడం లేదమ్మా. ఆ ఫోటో చూపించినప్పుడల్లా నిప్పులా మండుతుంది, గొంతు రాదు. వలలో లోపమనుకుని ఇన్నాళ్లూ వదిలేశాం. లోపం కాదు. ఇక్కడ ఏదో మాట ఉంది. ఈమె దాన్ని పలకడం లేదు."

"అది పేరమ్మా. పెనిమిటి పేరు. గౌరి దాన్ని పలకదు" అంది ఎర్రమ్మ.

"చేర్చుకున్న రోజు చెప్పారు కదా?"

"నాను సెప్పినాను. ఎప్పుడూ నానే సెప్తాను."

డాక్టరు ఆ ఎర్ర చుక్క మీద వేలు పెట్టింది. ఎర్రమ్మే మళ్లీ అడిగింది.

"ఇంటాయన అంటాది కదమ్మా. అది ఎల్లింది కదా అటు?"

"ఆ మాట వెళ్లింది. ఆ మనిషి దానికి వేలాడి లేడు. ఈ పేరుకి వేలాడి ఉన్నాడు. ఎప్పుడూ బయటపెట్టని పేరు కదా, అందుకేనేమో మిగతావాటికంటే గట్టిగా పట్టుకుంది. పలకకపోతే ఈ చోటుతో పాటు అతనూ పోతాడు. జ్వరం మొదలైంది, వల ఇంక ఉంచలేను. రేపు పొద్దున్నే కోయాలి. నేను అడిగాను, బతిమాలాను. వినలేదు. మీ మాట వింటుంది."

"ఆడినే అడుగుదాం. ఆడు పర్లేదంటే..."

నూకరాజు ఫోను మోగలేదు. బోటు మీద ఉంటే ఎప్పుడూ మోగదు. హాల్లో టీవీ ముందు జనం గుంపు కట్టి ఉన్నారు. అరేబియా సముద్రంలో తుపాను, గుజరాత్ తీరం నుంచి వేటకి వెళ్లిన బోట్లన్నీ వెంటనే వెనక్కి రావాలని చెప్తున్నారు. తెర మీద తెల్లటి సుడి ఒకటి గిర్రున తిరుగుతోంది. ఎర్రమ్మ దాన్ని చూస్తూ నిలబడిపోయింది. ఏ వైపు నడుస్తోందో తెలియకుండా నడిచి, రెండు తప్పుడు వరండాలు తిరిగి, చివరికి కోడలి గదికి చేరింది.

గౌరి తలకి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది.

"డాక్టరమ్మ నన్ను బతిమాలేసింది అత్తా. నువ్వూ అందుకే వొచ్చినావా?"

"ఊఁ."

"టీవీలో సూసినావా?"

"సూసినాను."

గౌరి అత్త చేయి పట్టుకుంది. "నువ్వు అనమంటే అంటాను. నీకు కొడుకు. నీ నోటితో నువ్వు సెప్పు."

ఎర్రమ్మ మాటలు కూర్చుకునే వచ్చింది. పేరు పలికితే ఏమీ కాదమ్మా, పాతకాలం మాటలు, పలికేయ్, అనాలనుకుంది. నోరు తెరిచింది. తలుపు సందులోంచి టీవీవాడి గొంతు వినపడుతోంది. పడవ బొమ్మ ముందు గౌరికి మాట రానట్టే, ఆమెకీ రాలేదు. ఆమె తలలో ఏ కరెంటూ పెట్టలేదు ఎవరూ.

"పడుకో అమ్మా" అంది చివరికి.

గౌరి నవ్వింది. "నాకు తెల్సు. నాను మర్చిపోతే ఆయన గుర్తుసేస్తాడు అత్తా. ఆయనే లేపోతే నాకు గుర్తుండి ఏటి లాభం?"

పొద్దున్న ఆమెను తీసుకుపోయారు. ఎర్రమ్మ కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన కొడుకు ఎక్కడున్నాడో, తన కోడలు ఎక్కడుందో, ఎవరి కోసం ముందు మొక్కుకోవాలో ఆమెకి తెలియలేదు. మధ్యలో ఒకసారి ఇద్దరి ముఖాలూ కలిసిపోయి ఒకే ముఖంలా అనిపించింది.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, బాగా జరిగిందంది. ఆ మర్నాడు వెరావల్ నుంచి ఫోను వచ్చింది. తుపాను తీరం తాకకుండా ఒమన్ వైపు తిరిగిపోయింది. అందరూ రేవుకి చేరారు. "బతికినామే అమ్మా! గౌరికెలాగున్నాది?" అన్నాడు నూకరాజు. ఎర్రమ్మ ఫోను పట్టుకుని ఏడ్చింది. పేరు పలకలేదు, కొడుకు దక్కాడు. దక్కింది అందుకేనా, తుపాను దాని దారిన అది పోయిందా? ఆ ప్రశ్నని ఆమె ఎక్కువసేపు దగ్గరికి రానివ్వలేదు.

గౌరి లేచింది. గొడుగు, ఏనుగు, మంచం, చేట, అన్నీ చెప్పింది. అత్తని చూసి "ఎర్రమ్మా, కూరేటే?" అని వేళాకోళమాడింది. మూర్ఛ మళ్లీ రాలేదు.

నూకరాజు రెండు రోజులు రైల్లో కూర్చుని తిన్నగా ఆసుపత్రికే వచ్చాడు. ఎండకి మాడిన ముఖం, భుజాన సంచి, సంచి జిప్పుకి నీలం ముడి. గుమ్మంలో నిలబడి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. గౌరి కొంగు సర్దుకుంది.

"ఎవరు కావాలండీ?"

"ఒలే, ఇంత దూరం పడి వొచ్చినాను, పరాసికాలా?"

గౌరి అత్త వైపు చూసింది. కౌంటరు దగ్గర చూసినట్టే చూసింది. "ఈయనెవరు అత్తా?"

ఎర్రమ్మకి వేరే మాట తోచలేదు. "నూకరాజే తల్లీ."

"నూకరాజుగారా? నిలబడిపోయారేటి, కూకోండి."

ఆ నోట ఆ పేరు వినడం అదే మొదలు. ఎర్రమ్మ చేయి తనకు తెలియకుండానే లేచి గౌరి నోటి మీద పడింది.

ఇసకలపేట చేరాక చెప్పవలసినవన్నీ చెప్పారు. పెళ్లి ఫోటో చూపించారు. గౌరి శ్రద్ధగా విన్నది, పక్కూరి సంగతి వింటున్నట్టు. ఫోటోలో తనని పోల్చుకుంది. పక్కనున్న మనిషిని చూసి, నూకరాజుని చూసి, "ఔను, ఈయనే. పోలికలున్నాయి" అంది.

"మరింకేటి?" అన్నాడు నూకరాజు ఆశగా.

గౌరి ఇబ్బందిగా కదిలింది. మంచి మనిషిని నొప్పించాల్సి వచ్చినప్పటి ఇబ్బంది అది.

"నువ్వు సెప్తే నమ్మాలనే ఉన్నాది అత్తా. కానీ నా ఇంటాయన పేరు నాను పలకలేను. నోరు రాదు, అది నాకు బాగా తెల్సు. ఈయన పేరు నాకు ఇట్టే వొచ్చేస్తంది. నూకరాజు. నూకరాజు. సూడు, నాలిక ఎక్కడా ఆగలేదు. మరి ఈయన నా ఇంటాయన ఎలాగవుతాడు?"

నేర్పిన కట్టుబాటు అలాగే ఉంది, ఎవరి కోసం నేర్పారో ఆ మనిషే లేడు.

"మా ఇంటాయన సముద్రం మీదున్నాడు" అంది గౌరి నెమ్మదిగా. "వొస్తాడు. ఆయన ఎప్పుడూ ఆలస్యమే."

నూకరాజు అరుగు మీద పడుకోసాగాడు. పొద్దున్నే చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. ఆమె కడుపునిండా వండి పెట్టేది. "నూకరాజుగారూ, అన్నం సల్లారిపోతంది!" అని ఒడ్డు దాకా వినపడేలా పిలిచేది. వీధిలో ఆడవాళ్లు మొదట నవ్వారు, తర్వాత మానేశారు. పిలిచినప్పుడల్లా ఎర్రమ్మ వీపు మీద ఎవరో చల్లటి నీళ్లు కుమ్మరించినట్టుండేది. రోజుకి ఎన్నిసార్లు! సముద్రం ఎంతో దూరం లేదు, ఇంటి వెనకే ఉంది, వింటూనే ఉంటుంది.

"పేరెట్టి పిలవకే తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

"మరేటని పిలవను అత్తా? మన ఇంట్లో తింటన్నాడు, పెద్దోడు. అన్నయ్యా అననా?"

"ఓలమ్మ! అదొద్దు!" అని చెవులు మూసుకుంది ఎర్రమ్మ. "పేరే... పేరే పిలు."

తిరిగి చూపించుకోవడానికి విశాఖ వెళ్లినప్పుడు, గౌరి బయట నర్సులతో కబుర్లాడుతుంటే ఎర్రమ్మ డాక్టరుని అడిగింది. రాత్రంతా అనుకుని అనుకుని వచ్చిన ప్రశ్న.

"డాక్టరమ్మా, పెళ్లాం అని తనకే తెలీని పెళ్లాం పేరు పలికితే... అది లెక్కలోకి వొస్తాదా?"

హైమావతి నవ్వలేదు. నవ్వి ఉంటే ఎర్రమ్మకి కొంత ధైర్యంగా ఉండేది.

"నాకు తెలియదమ్మా" అంది. "చుక్క కదలనప్పుడే ఆగి అడగాల్సింది. ఇప్పుడు ఎవరినైనా చేర్చుకునే రోజే ఇది అడుగుతున్నాం. ఏ పేరు మీరు పలకరు అని."

"మళ్లీ రాదా ఆడు, దాని బుర్రలోకి?"

"కొత్తగా అల్లుకోవచ్చు. అలవాటైన దారిలో వస్తే, పాతది ఏదైనా అంటుకుని మిగిలుంటే... చెప్పలేను."

ఆ మాటని ఎర్రమ్మ కొడుక్కి చెప్పింది. చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో. నూకరాజు ఇసకలో పుల్లతో గీస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"అలవాటైన దారంటే నాకు ఒకటే దారమ్మా. ఈ ఇంటికి నాను ఎప్పుడొచ్చినా సముద్రం మీంచే వొచ్చినాను. అరుగు మీంచి లేచొస్తే నన్ను ఏటని గుర్తుపడతాది? ఎల్తాను. ఎల్లి, ఇంటాయనలాగ సంచేసుకుని వొస్తాను."

"వొద్దురా! ఈ ఏడుకి వొద్దు. అది నీ పేరు..."

"పిలవనీవే. పదకొండేళ్లు కాపరం సేసినాను, ఒక్కసారి దాని నోట నా పేరు వినలేదు." అతను నవ్వాడు. "బావుంటాది అమ్మా, దాని గొంతులో."

ఎర్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

సంచి గౌరే సర్దింది. అతిథి వెళ్తున్నాడు, సర్దిపెట్టడం మర్యాద. తల్లీకొడుకులు గుమ్మంలోంచి చూస్తున్నారు. బరువైనవి అడుగున, బట్టలు పైన, నూనెసీసా కవరులో చుట్టి ఒక వారన, రొయ్యపొడి మరో వారన. జిప్పు మూసింది. ఒక్క క్షణం ఆగింది. లేచి వెళ్లి, దూలానికి వేలాడుతున్న వల కండెలోంచి నీలం దారం ముక్క తెంపుకొచ్చి మూడు చుట్ల ముడి వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియనట్టు ముడి వంక చూసింది.

నూకరాజు తల్లి భుజం నొక్కి పట్టుకున్నాడు. "సూసినావా? సేతులకి గుర్తున్నాది!"

ఎర్రమ్మ కూడా చూసింది. ఆ ముడి చూసి సంతోషించాలో, సంచి చూసి ఏడవాలో ఆమెకి తెలియలేదు.

వీధి మలుపు దాకా గౌరి సాగనంపింది. "నూకరాజుగారూ, అక్కడ మా ఇంటాయన కనపడితే తొందరగా రమ్మని సెప్పండి. నాకు జబ్బు తగ్గిపోయిందని సెప్పండి."

"తప్పకుండా సెప్తానండీ" అన్నాడతను.

ఆ మాఘమాసంలో సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. తుపాను లేదు, గాలి లేదు. శివరాత్రికి ముందురోజు తెల్లవారి చూస్తే బోటు మీద నూకరాజు పక్క ఖాళీగా ఉందని, రాత్రి వల లాగినప్పుడు అందరితోనే ఉన్నాడని, ఎవరూ ఏ చప్పుడూ వినలేదని తోటివాళ్లు చెప్పారు. ఎర్రమ్మ తన భర్త పేరు ఇప్పటిదాకా ఒక్కసారి పలకలేదు. ఆయన వెళ్లినప్పుడూ సముద్రం ఇలాగే ఉంది. పలకని పేరునీ తీసుకుంది, పలికిన పేరునీ తీసుకుంది. లేక దానికి పేర్లతో పనే లేదా? ఆమె ఎటు నుంచి లెక్క కట్టినా ఎక్కడో ఒక చోట తప్పుతోంది.

సంచి తిరిగొచ్చింది. తోటివాడొకడు తెచ్చి అరుగు మీద పెట్టి, తల దించుకుని నిలబడ్డాడు. గౌరి పెరట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, వంగి ముడిని ముట్టుకుంది. ఆమె ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

"అత్తా! ఇది మా ఇంటాయన సంచి" అంది. "ఎనకాలే వొస్తన్నట్టున్నాడు." ఎసరు పెట్టడానికి లోపలికి పరిగెత్తింది.

ఎర్రమ్మ కొడుకు నూకరాజు, ఆ ఏటి శివరాత్రి ముందురోజు నుంచి, తిరిగి రాలేదు.